పారబోసిన ఊట

మా ఆఫీసు లంచ్ రూములో మైక్రోవేవ్ మీద ఆ కాగితం ఒక సోమవారం పొద్దున కనిపించింది. "ఘాటైన వాసన వచ్చే ఆహారాన్ని దయచేసి ఇక్కడ వేడి చేయకండి. అలాంటి భోజనానికి బయటి బల్లలు వాడుకోండి." కింద ఒక చేప బొమ్మ, దాని మీద ఆవిరికి గుర్తుగా మూడు వంకర గీతలు. రాసిందెవరో పేరు లేదు. ఎవరూ పీకేయకుండా నాలుగు మూలలా టేపు మాత్రం గట్టిగా అంటించారు.

నేను ఆఫీసుకు ఏనాడూ చేప తేలేదు. అమెరికాలో మేముండే బెంటన్‌విల్ చిన్న ఊరు. ఏ ఆఫీసు నుంచైనా ఇల్లు పది నిమిషాల దూరం. మా అంతస్తులో ఉన్న మిగతా తెలుగువాళ్ళు మధ్యాహ్నం ఇంటికెళ్ళి తిని వస్తారు, లేదా పెరుగన్నం చల్లగానే తినేస్తారు. రోజూ అన్నం కూర తెచ్చుకుని వేడి చేసుకునేవాళ్ళం ఇద్దరమే. నేను, నాతో పాటే టెస్టింగ్ చేసే ఒక కొరియా ఆవిడ. పేర్లు రాయకపోయినా ఆ కాగితం మా ఇద్దరి కోసమేనని అందరికీ తెలుసు. బయటి బల్లలంటే పార్కింగ్ లాట్ అంచున ఉన్న రెండు ఇనప బల్లలు. అది జనవరి నెల.

నేను అవమానాలు మరిచిపోయే మనిషిని కాను. ఎనిమిదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో వేరే ఆఫీసులో నేను గోంగూర డబ్బా మూత తీస్తే, పక్క కుర్చీలో కూర్చున్నాయన సింకు వైపు చూసి, "డ్రెయిన్ ఏమైనా పూడుకుపోయిందా?" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్నది ఆకుపచ్చ గళ్ళ చొక్కా. ముగ్గురు నవ్వారు. ఆ ముగ్గురిలో ఒకడు మన గుంటూరువాడే.

అందుకే ఆ సోమవారం ఇంటికెళ్ళేదాకా ఆగలేదు. నా సీట్లోనే కూర్చుని హెచ్ఆర్ మేడమ్‌కు మెయిల్ పెట్టాను. ఆ కాగితం తీసేయాలని, దాన్ని అంటించినవాళ్ళెవరో చెప్పాలని రాశాను. "మా దేశాల వంటలకు ఘాటైన వాసన ఉండటం సహజం. తోటి ఉద్యోగులు దాన్ని సహించాలని మేము కోరుతున్నాం" అని ఒక వాక్యం కూడా చేర్చాను. రాసినప్పుడు ఆ వాక్యం నాకు బాగా నచ్చింది.

మర్నాడు ఆవిడ నన్ను గదిలోకి పిలిచింది.

"'మేము' అని రాశారు. మీరు కాక ఇంకెవరు?"

ఆవిడే మళ్ళీ అందుకుంది.

"మీ ఒక్కరి ఇబ్బందే అయితే సర్దుబాటు చేస్తాను. పదకొండుంబావుకి, రూములో ఎవరూ లేనప్పుడు వేడి చేసుకోండి. రూల్ తీసేయాలంటే మాత్రం ఇంకొకరు కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి. శుక్రవారం లోపల ఇవ్వండి. వచ్చే వారం ఈ నోటీసు అన్ని అంతస్తుల్లోనూ పెడుతున్నారు."

నా అన్నం నేను దొంగచాటుగా వేడి చేసుకోవడానికి పర్మిషన్ ఇస్తోందన్నమాట. ఆ మాటే మా ఆయనతో అన్నాను.

"అయితే ఆ కొరియా ఆవిణ్ణి అడుగు. ఆవిడ కూడా రాసిస్తే అయిపోద్దిగా," అన్నాడు.

"ఆవిడతో నేను మాట్లాడట్లేదు."

"నువ్వు మాట్లాడేవాళ్ళ లిస్టు చెప్పు. చిన్నదేగా, గుర్తుపెట్టుకుంటా."

మాట్లాడి అప్పటికి అయిదు నెలలైంది. తప్పు ఆవిడదేనని నా నమ్మకం.

మొదట్లో మేమలా లేము. ఆఫీసులో చేరిన రోజే ఆవిడ నన్ను, "మీ వయసెంత?" అని అడిగింది. అమెరికాలో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది. నేను మొహం ముడుచుకునేలోగా తనే చెప్పింది, వాళ్ళ దగ్గర వయసు తెలియందే ఎదుటి మనిషిని ఎలా పిలవాలో తెలియదట. నాకు యాభై రెండు, ఆవిడకు నలభై తొమ్మిది. "అయితే మీరు నాకు ఒన్నీ," అంది. వాళ్ళ భాషలో ఆడవాళ్ళు అక్కను అలా పిలుస్తారట. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా చివర ఆ ఒక్క పిలుపు తగిలించేసరికి ఆవిడ నన్ను మీరు అంటున్నట్టే ఉండేది. నేనూ చనువుగా నువ్వు అంటున్నట్టే అనుకునేదాన్ని. రెండేళ్ళు మూల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. నా గోంగూర ఆవిడ తినేది, క్యాబేజీ ముక్కల్ని ఉప్పూ కారంతో ఊరబెట్టి పులియనిచ్చే ఆవిడ కిమ్చీ నేను తినేదాన్ని.

ఆవిడకు తమ తిండి మీద రోషం ఎక్కువ. అయితే ఎవరితోనూ వాదించేది కాదు. ఎవరైనా మెచ్చుకోలుగా, "ఈమధ్య మీ కొరియా వంటలు భలే ఫేమస్ అయ్యాయి," అంటే, "మా ఇంట్లో ఎప్పటినుంచో ఫేమస్సే," అని ఊరుకునేది. ఒకసారి మా టీమ్ లీడ్ మా బల్ల పక్కగా వెళుతూ ముక్కు చిట్లించి, "ఎవరో జిమ్ సాక్సులు మరిచిపోయినట్టున్నారు," అన్నాడు. ఆవిడ తినే గాజు డబ్బా మూతకు నాలుగు వైపులా క్లిప్పులుంటాయి. నోట్లో ముద్ద నమిలి మింగి, ఆ నాలుగు క్లిప్పులూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. నేను మాత్రం ఊరుకోలేదు. టీమ్ లీడ్ సీటు దగ్గరకు వెళ్ళి, "మీ చీజు వాసన గురించి నేనెప్పుడైనా నోరెత్తానా?" అని అడిగాను. అతను నాకు సారీ చెప్పాడు, ఆవిడకు చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ పక్షాన నిలబడింది నేనొక్కదాన్నేనని నా లెక్క.

ఆగస్టులో ఆవిడ టెక్సాస్ వెళ్ళొచ్చింది. ప్లేనోకు దగ్గర్లో వాళ్ళ తమ్ముడి ఇంట్లో వాళ్ళమ్మ ఉంటుంది. తిరిగొచ్చిన రోజు నాకొక పెద్ద గాజు సీసాడు కిమ్చీ ఇచ్చింది.

"అమ్మ పెట్టింది, ఒన్నీ. మీ కోసం విడిగా తీసి కట్టింది."

ఇంటికి తెచ్చి మూత తిప్పగానే సీసా బుస్సుమంది. ఎర్రటి నీళ్ళు అంచు దాకా పొంగి గట్టు మీద కారాయి. మా ఆయన తొంగి చూసి, "పొంగుతోందే. పోయినట్టుంది," అన్నాడు.

పచ్చడి విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ నూరిపోసింది ఒక్కటే. తడి తగలకూడదు. తడి చెయ్యి పెట్టకూడదు, తడి గరిటె పెట్టకూడదు, జాడీ తుడిచి ఎండబెట్టందే పచ్చడి ఎత్తకూడదు. పైన నూనె తేలుతూ ఉండాలి. ఈ సీసాలో చుక్క నూనె లేదు, గొంతు దాకా నీళ్ళే. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పులుపు, వెల్లుల్లి, కారం అన్నీ సరిగానే ఉన్నాయి. పాపం పెద్దావిడ ఇంత కష్టపడి పెట్టింది, తడి చేరి పాడైపోతోంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పలచటి గుడ్డలో వేసి ముక్కలన్నీ గట్టిగా పిండాను. ఎర్రటి నీళ్ళు సింకులో పారబోసి పంపు తిప్పాను. ముక్కలు చిన్నగా తరిగి, మూకుట్లో నువ్వుల నూనె పోసి, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెట్టాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. మా ఆయన రెండుసార్లు అన్నం వడ్డించుకుని, "ఇప్పుడు పచ్చడి అయ్యింది," అన్నాడు. సగం ఆ సీసాలోకే ఎత్తాను. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వడం మా ఇంటా వంటా లేదు.

మర్నాడు లంచ్ రూములో సీసా ఆవిడ ముందు పెట్టాను. అప్పుడు మా బల్ల దగ్గర టీమ్ లీడ్ కాక ఇంకో ముగ్గురున్నారు.

"నీళ్ళన్నీ పిండేసి పోపు పెట్టాను. ఇప్పుడు తినడానికి బాగుంది, చూడు," అన్నాను.

ఆవిడ సీసాను కొంచెంసేపు చూసింది. ఒక ముక్క తీసి తిని, "నూనె," అంది.

"మంచి నువ్వుల నూనె," అన్నాను.

టీమ్ లీడ్ చెయ్యి చాచి తనూ ఒక ముక్క తీసుకున్నాడు. "ఇది నయం. మొదటి దానికంటే," అన్నాడు. నాకు సంతోషమే అయింది, దాచడమెందుకు. ఆవిడ సీసాకు మూత బిగించి, "థాంక్యూ," అంది. చివర ఒన్నీ లేదు.

మర్నాటి నుంచి ఆవిడ మూల బల్లకు రాలేదు. పార్కింగ్ లాట్‌లో తన కారులో కూర్చుని తినడం మొదలుపెట్టింది. పని విషయం తప్ప నాతో మాట లేదు, ఆ పిలుపు అసలే లేదు. నేను చేసి పెట్టింది తిని మొహం తిప్పుకున్న మనిషిగా ఆవిణ్ణి నా జ్ఞాపకంలో చేర్చుకున్నాను, గళ్ళ చొక్కా ఆయన పక్కనే. తనే వచ్చి మాట్లాడేదాకా నేను మాట్లాడకూడదని అనుకున్నాను. అనుకున్నది అయిదు నెలలూ నిలబెట్టుకున్నాను.

బుధవారమంతా ఆలోచించాను. గురువారం మధ్యాహ్నం నా మెయిల్ ప్రింటు తీసి, కోటు వేసుకుని పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాను. గాలి మొహం కోస్తోంది. ఆవిడ కారు చివరి వరసలో ఉంది, ఇంజన్ ఆన్‌లోనే ఉంది. అద్దం మీద తట్టాను. అద్దం రెండు వేళ్ళ మేర దిగింది.

"అయిదు నిమిషాలు," అన్నాను.

డోర్ లాక్ తీసింది. పక్క సీట్లో కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో గాజు డబ్బా, చేతిలో చెంచా. అన్నం చల్లారిపోయి ఉందని చూడగానే తెలుస్తోంది. నేనిచ్చిన కాగితం ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ మధ్యలోకి వెళ్ళి ఒక వాక్యం దగ్గర ఆగింది. ఆ తర్వాత తిరిగి ఇచ్చేసింది.

"నేను సంతకం పెట్టను."

"నన్నొక్కదాన్నే కాదు, నిన్ను కూడా బయటికి పొమ్మన్నారు."

"నేను ఆ నోటీసు రాకముందు నుంచే ఇక్కడ తింటున్నాను."

"అదే అడుగుతున్నా. ఎందుకని?"

ఆవిడ డబ్బా మూత పెట్టింది. క్లిప్పులు నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"మీరు దాని రసం పారబోశారు."

ఆవిడ వాడింది జ్యూస్ అనే ఇంగ్లీషు మాటే. కానీ అది వినగానే నా కళ్ళ ముందుకొచ్చింది మాగాయ ఊట. మా ఇంట్లో మాగాయ ముక్కలు ఎండబెట్టినప్పుడు ఆ ఊటను విడిగా జాడీలో ఎత్తి, ఎండలో పెట్టి, చీమ పట్టకుండా కాపలా కాసేవాళ్ళం. ముక్క పోతే పోనీ, ఊట పోకూడదు అనేది అమ్మ. ఊట పారబోసిన ఇల్లాలిని నేనెక్కడా చూడలేదు.

"ఆ సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసింది," అంది ఆవిడ. "నీ ఒన్నీకి నచ్చిందా అని అడిగింది. నచ్చింది అన్నాను. అడుగున మిగిలిన రసంతో సూప్ కాచుకోమని చెప్పావా అంది. కాచుకుంది, చాలా బాగుందంది అన్నాను. డెబ్బై ఆరేళ్ళ మనిషికి మీ కోసం అబద్ధం చెప్పాను."

"నేను పాడు చేయలేదు. పోపు పెట్టాను. మా దగ్గర జాడీలోంచి తీసింది తీసినట్టు ఎవరికీ వడ్డించరు. పోపు పెట్టి వడ్డిస్తేనే మర్యాద."

"ఈ ఊరివాళ్ళు కంపు అంటారు. వాళ్ళకు తెలియదు. వాళ్ళ ఇళ్ళల్లో పచ్చళ్ళు పెట్టుకోరు. వాళ్ళ మాటలు నేను పట్టించుకోను." ఇక్కడ ఆగి నా వైపు తిరిగింది. "మీకు తెలుసు. తెలిసిన మనిషి, వాళ్ళందరి ముందు సీసా పెట్టి, ఇప్పుడు తినడానికి బాగుంది అంటే అర్థమేంటి? అంతకుముందు బాగాలేదు, వాళ్ళన్నది నిజమే అని మీరు సాక్ష్యం చెప్పినట్టు."

నా దగ్గర జవాబు లేక కాదు. సాక్స్ మాట అన్నప్పుడు టీమ్ లీడ్‌ను నిలదీసింది ఎవరని అడగొచ్చు. మూత తీయగానే పొంగే పచ్చడి గురించి ముందే ఒక మాట చెప్పొద్దా అని అడగొచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ ఆ సమయంలోనే నాకు ప్లేనో గుర్తొచ్చింది.

ఆరేళ్ళ కిందట ప్లేనోలో మా ఊరమ్మాయి ఇంటికి వెళ్ళాను. చిన్నప్పటి నుంచీ నన్ను వదినా అని పిలిచే మనిషి. అమ్మ పంపిన ఆవకాయలో సగం ఆ అమ్మాయికి తీసుకెళ్ళాను. మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళితే, తను ఆవకాయ ముక్కను వేళ్ళతో పట్టుకుని పంపు కింద కడుగుతోంది. నూనె, కారం, ఆవపిండి అన్నీ సింకులోకి జారిపోతున్నాయి. "పిల్లాడు కారం తినలేడు వదినా, అందుకని," అంది నవ్వుతూ. అన్నం వడ్డించిన విస్తరి వదిలేసి కారెక్కాను. బెంటన్‌విల్ దాకా మా ఆయనతో కూడా మాట్లాడలేదు. ఉగాదికి ఉగాదికి ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది. మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను.

ఇదంతా ఆ కారులో ఆవిడకు చెప్పాను. సారీ అనలేదు. ఇతరుల చేత అనిపించుకోవడమే తప్ప నేను అనడం నాకు అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, అంతే.

"పంపు కిందా?" అంది.

"పంపు కిందే."

"మీ అమ్మగారు పెట్టిందా?"

"మణికట్టు నొప్పితో ఆవాలు తనే దంచి పెట్టింది."

ఆవిడ ముందు అద్దంలోంచి ఎదురుగా ఉన్న మోడు చెట్ల వైపు చూసింది. "ఆరేళ్ళా," అంది. "అయితే నేను అలగడం మొన్ననే మొదలుపెట్టినట్టు."

ఆవిడ నా చేతిలోంచి కాగితం మళ్ళీ తీసుకుంది. సంతకం పెడుతుందనుకున్నాను. పెన్నుతో నాకు బాగా నచ్చిన వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేసింది.

"మా వంటకు వాసనుంది, సహించండి అని నేను అడగను. మా అమ్మ చేసినదానికి ఒకరి సహనం అక్కర్లేదు."

"మరేం రాద్దాం?"

"వాసన ఊసే వద్దు. మైక్రోవేవ్ అందరిదీ అని రాయండి. ఆ బొమ్మ తీసేయమని రాయండి."

"బయట చలి సంగతి?"

"అదీ వద్దు. జాలి పడతారు."

ఫిర్యాదులు రాయడంలో నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదనుకునేదాన్ని. అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళని అడగండి, చెబుతారు. కానీ ఆ రోజు డాష్‌బోర్డు మీద కాగితం తిరగేసి ఆవిడ చెప్పినట్టే రాశాను. మూడు వాక్యాలయ్యాయి. ఆవిడ కొరియా అక్షరాల్లో సంతకం పెట్టింది. అది చూసి నా ఇంగ్లీషు సంతకం కొట్టేసి తెలుగులో పెట్టాను.

శుక్రవారం పొద్దున ఇద్దరం కలిసే వెళ్ళి ఇచ్చాం. హెచ్ఆర్ మేడమ్ సంతకాలను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి మీవేనా?" అని అడిగింది. అవునన్నాం. కాగితం ఫైల్లో పెట్టుకుంది.

తర్వాతి బుధవారానికి ఆ కాగితం లేదు. "వేడి చేసేటప్పుడు గిన్నె మీద మూత పెట్టండి" అనే కొత్త కాగితం వచ్చింది, బొమ్మ లేకుండా. పాత టేపు గుర్తులు నాలుగు మూలలా అలాగే ఉన్నాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. చేప బొమ్మ గీసిందెవరని నేను ఇప్పటికి మూడుసార్లు మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. మళ్ళీ పెడతాను.

ఆవిడ మూల బల్లకు తిరిగి వచ్చింది. ఎదురుగా కూర్చునేది, మాట్లాడేది. పిలుపు మాత్రం లేదు. ఏ పిలుపూ లేకుండా నేరుగా మాట మొదలుపెట్టేది. నేను గమనించనట్టు నటించాను.

మార్చిలో మళ్ళీ ఒక సీసా తెచ్చింది. "ఈసారి అమ్మకు నిజమే చెబుతాను," అంది, బల్ల మీద పెడుతూ. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇంటికెళ్ళి సీసాను పళ్ళెంలో పెట్టి మూత తిప్పాను, పొంగింది పళ్ళెంలో పడేట్టు. మా ఆయన, "ఆవాలు తీయనా?" అన్నాడు. స్టవ్ దగ్గరకు రావద్దన్నాను. పది రోజులు అన్నంలో అలాగే తిన్నాం. పళ్ళెంలో పడిన ఊట కూడా తిరిగి సీసాలోకే వంచాను. అడుగున మిగిలినదాంతో ఆవిడ చెప్పినట్టే సూప్ కాచాను. దానికి పోపు పడితే ఇంకా బాగుంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అనలేదు.

సీసా కడిగి, తుడిచి, ఎండబెట్టి, ఖాళీగా ఇవ్వకూడదు కనక గోంగూర పచ్చడి ఎత్తాను. పైన వేలెడు నూనె తేలేట్టు పోపు పెట్టి, మర్నాడు ఆవిడ ముందు పెట్టాను. బల్ల దగ్గర టీమ్ లీడ్, ఇంకొకతను ఉన్నారు. ఆవిడ మూత తీసింది, చెంచాడు పచ్చడి అన్నంలో కలుపుకుంది, తొందరపడకుండా నమిలింది. నేను నా డబ్బా వైపే చూస్తున్నాను.

"బాగుంది," అంది. "కొంచెం నూనె ఎక్కువైంది, ఒన్నీ."

టీమ్ లీడ్ తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. నేను ముద్ద కలుపుకుంటూ ఉండిపోయాను. ప్లేనోకు మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు, అది వేరే సంగతి. ఆ రోజు ఆవిడ వేసుకున్నది బూడిదరంగు స్వెట్టరు. పక్కనున్న ఇద్దరూ ఆ పిలుపు విన్నారు.